జైసల్మేర్ టికెట్లు దొరక్క, రోళ్లపాడు నుంచి హగరి ఇసుక దాకా

అసలు పోవాల్సింది జైసల్మేర్‌కు. మా అక్క కొడుకు సెమిస్టర్ సెలవులకు ఇంటికొచ్చాడు. వాడికి ఎడారి పిచ్చి పట్టింది. రాజస్థాన్‌లో డెజర్ట్ నేషనల్ పార్కు ఉందని, అది 3,162 చదరపు కిలోమీటర్లని, దేశం మొత్తంలో నూట యాభైకి అటూ ఇటూగా మిగిలిన బట్టమేక పిట్టలు ఎక్కువగా అక్కడే ఉన్నాయని నెల రోజులు ఇంట్లో ఊదరగొట్టాడు. రైలు టికెట్లు తీశాం. వెయిటింగ్ లిస్టు నలభై దగ్గర కూర్చుని కదల్లేదు. వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

"రేయ్, బట్టమేక కోసం అంత దూరం ఎందుకు? మన రోళ్లపాడులో దానికోసమే అభయారణ్యం పెట్టారు కదా. ఇసుక కావాలంటే బొమ్మనహాళ్ దగ్గర ఉంది. కొండలు, లోయలు కావాలంటే గండికోట. అన్నీ మన జిల్లాల్లోనే పెట్టుకుని యాడికో పోవడమెందుకు?" అన్నా. నోరు జారానని తర్వాత తెలిసింది. గంటలో వాడు ఆరు రోజుల ప్లాన్ వేసుకొచ్చాడు.

బండి మా బావది. పాత బొలెరో. బావకు బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. రాయి తప్ప ఇంకేదీ ఆయన కంటికి ఆనదు. "ఆ ముళ్లకంపల్లో ఏముందిరా చూసేదానికి?" అన్నాడు. బండి మాత్రం మా చేతికివ్వడానికి మనసొప్పక తనే డ్రైవింగ్‌కు వచ్చాడు. కార్తీకం చివరి వారం. మొన్ననే అల్పపీడనం పేరుతో రెండు రోజులు వాన పడి వెలిసింది. ఆ వాన గురించి ముందుగా ఎవరమూ ఆలోచించలేదు.

మొదటి రోజు: కర్నూలు, రోళ్లపాడు

తెల్లవారుజామున బయల్దేరి, దారిలో ఉగ్గాని బజ్జి తిని, నందికొట్కూరు దాటేసరికి ఎండ పైకొచ్చింది. రోళ్లపాడు కర్నూలుకు 45 కిలోమీటర్లు ఉంటుంది. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది కానీ మా నోళ్లలో ఇంకా కర్నూలే. ఊరు ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా ఫోన్ మ్యాప్ ఒక అడ్డదారి చూపించింది. శనగ చేల మధ్య మట్టిదారి. మా అల్లుడు "మామా, పది నిమిషాలు కలిసొస్తుంది" అన్నాడు. బావ స్టీరింగ్ తిప్పాడు.

నల్లరేగడి సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఎండాకాలంలో ఆ నేల అరచెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చి, గట్టిగా మోగుతుంది. వాన తగిలితే అదే నేల బంక. చెప్పులకు అంటుకుంటే అడుగు అడుగుకూ మనిషి కొంచెం కొంచెం ఎత్తు పెరుగుతాడు. బండి రెండొందల గజాలు పోయిందో లేదో టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం తిరగడం మానేసింది. తిరగని చక్రంతోనే బండి మెల్లగా పక్కకు జారి, శనగ చేను గట్టుకు ఆనుకుని నిలబడింది. బావ దిగి చుట్టూ చూసి, ఏమీ అనకుండా వాళ్ల అబ్బాయికేసి చూశాడు. తిట్టినా బాగుండేది.

అప్పుడొచ్చాడు గొర్రెల కాపరి. భుజాన గొంగడి, చేతిలో చిన్న ఫోను, అందులో పాటలు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఫోను జూసి వస్తిరా సామీ?" అన్నాడు. అవునన్నాం. "వాన పడినాక వారం దినాలు ఈ దోవన ఎద్దుల బండి గూడ రాదు. అది నీ ఫోనుకు తెల్దు కదా" అని, ఎవరికో ఫోన్ చేసి ట్రాక్టర్ పిలిపించాడు. ట్రాక్టర్ వచ్చేదాకా మా వాడు కట్టెపుల్లతో టైరు మట్టి గీకుతూనే ఉన్నాడు. ట్రాక్టర్ ఆయన డబ్బులు వద్దంటూనే ఐదొందలు తీసుకున్నాడు. కాపరి మాత్రం టీ తాగి పోయాడు. ఆ రోజు నుంచి మా బండిలో ఒక రూలు వచ్చింది: ముందు మనిషిని అడగాలి, ఆ తర్వాతే మ్యాప్.

అభయారణ్యం అనగానే చెట్లు ఊహించుకున్నవాళ్లు రోళ్లపాడు చూసి నిరాశపడతారు. అక్కడ అడవి లేదు. గడ్డి. కొంచెం రాళ్లు, అక్కడక్కడ తుమ్మ. మొత్తం 614 హెక్టార్లు, అంటే జైసల్మేర్ పార్కులో ఒక మూలకు కూడా సరిపోదు. 1988లో బట్టమేక కోసమే దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పిట్టల్లో అంత బరువైనవి ప్రపంచంలోనే కొద్ది. ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ గూడు లేకుండా నేల మీద. గొర్రె కాలు పడినా, కుక్క మూతి తగిలినా ఆ ఏడు పోయినట్టే.

వాచర్ మమ్మల్ని గడ్డిలో కాలిబాట వెంట తీసుకెళ్లాడు. కృష్ణజింకలు మాత్రం కంటి నిండా కనిపించాయి. ఒక నల్ల మగది, కొమ్ములు మరలు తిరిగినట్టు మెలికలు తిరిగి, మందను వెనకేసుకుని మమ్మల్నే చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి ఒకటి ఎగిరి దూకింది. ఆ వెంటనే మందంతా ఒకదాని వెనక ఒకటి దూకుతూ పోయింది, కింద నేల కాలుతున్నట్టు. సాయంత్రం గడ్డి మీద గద్దలు దిగాయి. రెక్కలు కొంచెం పైకి ఎత్తిపెట్టి, గడ్డి కొసలను తాకుతాయేమో అన్నంత కిందుగా తేలుతూ వస్తాయి. మధ్య ఆసియా నుంచి చలికాలానికి ఇక్కడికొచ్చి, రాత్రికి ఈ గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి.

"బట్టమేక?" అని అడిగాడు మా వాడు.

"నేను పనిలో చేరినాక చూడలేదు సార్. మా నాయన చూసినాడు. ఆయప్ప చిన్నప్పుడు చేలల్లో కోళ్ల మాదిరి తిరుగుతాండెనంట."

ఎందుకు పోయాయంటే ఒక్క కారణం చెప్పలేం. వేట, కుక్కలు, కరెంటు తీగలు అన్నీ ఉన్నాయి. పెద్ద కారణం మాత్రం చుట్టూ ఉన్న పచ్చదనమే. అలగనూరు రిజర్వాయరు వచ్చింది, కాలువ నీళ్లొచ్చాయి. గడ్డి బీళ్లు పొలాలయ్యాయి. జొన్న, కొర్ర చేల మధ్య బతికిన పిట్టకు తడి చేనులో చోటు లేకపోయింది. జైసల్మేర్ వైపు కూడా ఇందిరాగాంధీ కాలువ వచ్చాక ఇదే కథ జరిగిందని మా వాడు చెప్పాడు. నాకు ఏమనాలో తోచలేదు. నీళ్ల కోసం ఇన్నేళ్లు ఏడ్చిన ప్రాంతం మాది. మా తాత చెరువు నిండిన సంవత్సరాలను పిల్లల పుట్టినరోజుల్లా గుర్తుపెట్టుకునేవాడు. నీళ్లు రావడం వల్ల నష్టపోయినవాళ్లు కూడా ఉంటారని, వాళ్లకు రెక్కలుంటాయని ఆ రోజు గడ్డిలో నిలబడేదాకా ఎప్పుడూ అనుకోలేదు. అయినా నీళ్లు వద్దనే మాట నా నోట రాదు.

రెండో రోజు: జ్వాలాపురం బూడిద, బెలుం

రాత్రి బనగానపల్లెలో పడుకుని, పొద్దున్నే యాగంటికి పోయి కోనేటి నీళ్లు నెత్తిన జల్లుకున్నాం. కాకి కనిపించలేదు. అగస్త్యుడి శాపమంటారు. బావ మాత్రం కోతుల భయానికే రాలేదని తేల్చేశాడు.

జ్వాలాపురం నా లిస్టులోది. జుర్రేరు వాగు లోయలో మామూలు పల్లె. ఊరి బయట మట్టి తవ్విన గోతుల్లో, ఎర్రమట్టి పొరల మధ్య తెల్లగా, బూడిద రంగులో ఒక పొర కనిపిస్తుంది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. అది ఇక్కడి మట్టి కాదు. దాదాపు 74,000 ఏళ్ల కింద సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో సముద్రం దాటి వచ్చి పడిన బూడిద. దాని కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంటే ఆకాశం నుంచి బూడిద పడకముందూ, పడిన తర్వాతా ఈ లోయలో మనుషులు ఉన్నారన్నమాట.

చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపా. మైదాకన్నా మెత్తన, కానీ చివర్లో ఎక్కడో గరగరమంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అదంతా గాజు ముక్కలే. అంట్లు తోమే పొడికి పనికొస్తుందని తవ్వి అమ్ముకున్నారు. బావకు ఈ ఊళ్లో మొదటిసారి ఆసక్తి కలిగింది. "టన్ను ఎంత?" అని అడిగాడు.

బెలుం గుహలు అందరికీ తెలిసినవే కాబట్టి త్వరగా దాటేస్తా. పొడవు 3,229 మీటర్లు. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1980ల్లో జర్మన్ బృందం కొలిచింది. 2002లో పర్యాటకులకు తెరిచారు. లోపల చల్లగా ఉంటుందనుకుని పోతే ఉక్క. చొక్కా పిండుకున్నాం. పాతాళగంగ దగ్గర నీళ్ల చప్పుడు విని బయటికొచ్చి, ఒక్కొక్కరం రెండేసి సోడాలు తాగాం. చీకటి పడేలోపు గండికోట చేరాం.

మూడో రోజు: గండికోట

మసీదు వెనక, పెన్నా లోయ అంచున, పొద్దున ఆరున్నరకే జనం. ఒక్కొక్కరూ బండ చివరికి పోయి, కాళ్లు వేలాడేసి ఫొటో. తల తిరిగింది, ఎత్తుకు కాదు, వాళ్లను చూసి. ఆ అంచుకు కంచె లేదు. కింద మూడొందల అడుగులు.

మజ్జిగ అమ్ముకునే ఒక అబ్బాయిని అడిగితే కిందికి దిగే దారి చూపించాడు. కూలిన గోడ సందులోంచి దిగడం మొదలుపెట్టాం. దారి అంటే దారి కాదు, మేకలు నడిచిన జాడ. ఒక పెద్ద బండ మీంచి ఇంకో పెద్ద బండ మీదికి, మధ్యలో ముళ్లు. ఒకచోట రెండు బండల మధ్య పక్కవాటంగా దూరాలి. బావ పొట్ట అక్కడ ఇరుక్కుంది. ఆయన ఊపిరి బయటికి వదిలి, అర నిమిషం ఆలోచించి, పక్కకు జరిగి బయటపడ్డాడు. ఈ విషయం ఇంట్లో చెప్పకూడదని ఒప్పందం. ఇప్పుడు రాసేశాను, కానీ అక్క ఇవన్నీ చదవదు.

కింద నీళ్లు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నాయి. మైలవరం జలాశయం వెనక్కి తన్నిన నీళ్లు. పైనుంచి వినిపించిన గోల ఇక్కడికి రావడం లేదు. రెండు వైపులా రాయి పుస్తకాలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంది.

బావ ఒక బండ దగ్గర ఆగిపోయాడు. అంత సేపు ఆయన దేనికీ ఆగలేదు. బండ పైభాగం నున్నగా లేదు. వేలి మందాన గట్లు, వాటి మధ్య పల్లాలు, ఒకదాని పక్కన ఒకటి, చీర కుచ్చిళ్లలాగా. "ఇట్లాంటి గీతల బండ వస్తే కస్టమర్లు వద్దంటారు. పాలిష్‌కు నిలబడదు. ఇరవై ఏండ్ల నుంచి పక్కన పడేస్తానే ఉన్నా" అన్నాడు. మా వాడు ఫోన్‌లో ఏదో వెతికి చదివాడు. ఇది ఇసుక గట్టిపడి రాయి అయినది. నూరు కోట్ల ఏళ్లకు పైబడింది. అప్పుడు ఇక్కడ లోతులేని సముద్రం. ఆ గట్లు నీళ్లు ఆడుతుంటే అడుగున ఇసుక మీద పడిన అలల గుర్తులు.

"మనుషులు, చెట్లు, చేపలు, ఏవీ లేని కాలం నాన్నా" అన్నాడు.

బావ ఆ గట్ల మీద అరచెయ్యి పెట్టి కాసేపు అట్లే ఉన్నాడు. ఆ తర్వాత, "దీన్నా నేను పక్కన పడేసేది" అని గొణిగాడు. పైకి ఎక్కేటప్పుడు ఆ సందు దగ్గర ఆయనకు ఈసారి అంత కష్టం కాలేదు.

కోటలో ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి గోపురం, జుమ్మా మసీదు అన్నీ చూశాం. పెమ్మసాని నాయకులు ఏలిన కోట. 1650లో మీర్ జుమ్లా చేతికి పోయింది. జమ్మలమడుగులో సంగటి, నాటుకోడి పులుసు తిని, కడపలో పడుకున్నాం.

నాలుగో రోజు: లంకమల

ఈ యాత్రలో నేను ఎదురుచూసిన రోజు ఇదే. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం, 464 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం ఉన్న అడవి కాబట్టి ఎవరు పోయినా అనుమానంగా చూస్తారు. చెక్‌పోస్టులో ముగ్గురి ఆధార్‌లు చూపించి, రిజిస్టర్‌లో పేర్లు రాసి, పొద్దు మునిగేలోపు తిరిగొస్తామని సంతకం పెట్టాం. నిత్యపూజకోన వైపు దారి. కార్తీకం కాబట్టి భక్తులు ఉన్నారు, లేకపోతే మాకు అంత ధైర్యం ఉండేది కాదు. సిద్ధవటం మండలంలో ఒక పల్లె నుంచి ఒక తాత మాతో వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. కాళ్లకు టైరు చెప్పులు. మేం మూడు లీటర్ల నీళ్ల బాటిళ్లు, గ్లూకోజ్, టార్చి అన్నీ మోస్తుంటే ఆయన భుజాన ఒక తువ్వాలు, జేబులో బీడీలు. అంతే.

పంచలింగాల దగ్గర బండి ఆపి నడిచాం. మొదట రాళ్ల దారి, ఆ తర్వాత ముళ్ల పొదలు. తాత ఒక్కొక్క చెట్టు పేరు చెబుతూ పోయాడు. చండ్ర, బలుసు, రేగు, బిల్లుడు. ఒకచోట ఆగి మోకాలెత్తు పొద కొమ్మ వంచి చూపించాడు. ఆకు చిన్నది, దళసరి. కొమ్మ మీద ముళ్లు రెండేసి, ఎదురెదురుగా, సూటిగా. ఆకు తుంచితే పాలు కారాయి.

"ఇదే సామీ కలివి చెట్టు."

అంతకుముందు కలివి కోడి అనే పేరు వందసార్లు చదివాను. ఆ కలివి ఎట్లా ఉంటుందో మాత్రం అప్పుడే చూశాను. ఆ పొదల కింద తిరిగే పిట్ట కాబట్టి ఆ పేరు. జెర్డన్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు 1848లో దాన్ని లోకానికి చెప్పాడు. 1900లో అనంతపురం దగ్గర చూశామని ఒకరు రాసిపెట్టారు. ఆ తర్వాత ఎనభై ఆరేళ్లు ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు 1980ల్లో ఈ జిల్లాల్లో పల్లెపల్లెకూ బొమ్మలు పట్టుకుని తిరిగారు. 1986 జనవరిలో ఈ లంకమల అంచున రెడ్డిపల్లె దగ్గర, ఒక స్థానిక వేటగాడి సాయంతో అది మళ్లీ దొరికింది. చదువుకున్నవాళ్లకు దొరకలేదు కానీ ఆ చుట్టుపక్కల మనిషికి అది ఎప్పుడూ పోలేదు. అప్పటిదాకా ఆయన్ను ఎవరూ అడగలేదు, అంతే. అభయారణ్యం ఆ తర్వాత 1988లో వచ్చింది.

తెలుగుగంగ కాలువ దారి కూడా ఈ పిట్ట ఉండే పొదల మీదుగానే గీశారు. పొక్లెయిన్లు వచ్చాయి, కేసులు నడిచాయి, చివరికి కాలువ దారి మార్చాల్సి వచ్చింది. మళ్లీ అదే నీళ్ల కథ. మొదటి రోజు గడ్డిలో నాకు తోచని జవాబు ఇక్కడా తోచలేదు. కాకపోతే ఇక్కడ కాలువ పక్కకు జరిగింది, మనుషులకు నీళ్లూ అందాయి. జరపవచ్చు అన్నమాట.

"నువ్వు చూసినావా తాతా?" అన్నాడు మా వాడు.

"చూసినాం. చిన్నప్పుడు రేత్రిపూట అడివి పందులకు కాపలా పోతే లైటుకు కనపడేది. ఇంతే ఉంటాది" అని జానెడు కంటే కొంచెం పెద్దగా చేతులు చూపించాడు. "కండ్లు ఇంత పెద్దవి. ఎగరదు. పొద కిందికి ఉరుకుతాది. లైటు తీసి మళ్లా ఏస్తే ఉండదు. ఇప్పుడు నాకు రేత్రి కండ్లు కనపడవు, దానికి నేను కనపడను. ఇద్దరం సరిపాయ."

అది రాత్రి తిరిగే పిట్ట కాబట్టి పరిశోధకులు పొదల మధ్య సన్నటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వచ్చి పాదముద్రలు వెతికేవారట. ఈ మాట నేను చెప్పడమే పాపం, మా అల్లుడు తలెత్తి నడవడం మానేశాడు. వాగు అడ్డంగా వచ్చిన చోట తడి ఇసుక. అక్కడ మూడు వేళ్ల ముద్రలు, వరసగా, సన్నగా, నీళ్ల దాకా పోయి వెనక్కి తిరిగాయి. కలివి కోడికి వెనక వేలు ఉండదు, ముందు మూడే. వాడు మోకాళ్ల మీద పడి, పక్కన పెన్ను పెట్టి ఫొటోలు తీశాడు. చెయ్యి వణుకుతోంది. నాకూ గుండె కొంచెం వేగంగానే కొట్టుకుందని ఒప్పుకోవాలి.

తాత వంగి చూసి, పళ్లు లేని నోటితో నవ్వాడు. "తీతువ పిట్ట నాయనా. నీళ్లకు వచ్చింది."

అంతలో పొదల అవతల నుంచి తీతువు అరిచింది కూడా. బావ అంత నవ్వింది ఆ ఆరు రోజుల్లో అప్పుడే.

కోనలో శివుడి దగ్గర చెమటతో, ఆకలితో చేరాం. ఆడవాళ్లు దొన్నెల్లో దీపాలు పెట్టి వాగు నీళ్ల పక్కన వరసగా ఉంచారు. ఒక కుటుంబం పొయ్యి పెట్టి చిత్రాన్నం చేస్తోంది. అడక్కముందే మాకు ఆకులు పరిచారు. నిమ్మకాయ, చెనిక్కాయలు, పచ్చిమిరపకాయ. ఆ అడవిలో అంత రుచి ఎట్లా వచ్చిందో తెలియదు. ఈ కొండల్లో రాతి మీద శాసనాలు, బొమ్మలు దొరికాయని, నాలుగో శతాబ్దం నుంచి పదహారో శతాబ్దం దాకా యాత్రికులు వచ్చిపోయిన గుర్తులున్నాయని పురావస్తు శాఖ వాళ్లు ఈ మధ్య చెప్పారు. అన్నం పెట్టిన ఆమెకు ఈ సంగతి చెబితే, "రాకేం చేస్తారు, నీళ్లుండాయి కదా" అంది.

తిరిగి వచ్చేసరికి చెక్‌పోస్టులో మా పేర్ల పక్కన టైము రాసుకున్నారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే మనిషిని పంపేవాళ్లమన్నారు.

ఐదో రోజు: కడప నుంచి హగరి ఒడ్డుకు

రోజంతా బండిలోనే. ముద్దనూరు, తాడిపత్రి దాటితే చీనీ తోటలు. ఆ తర్వాత చెనిక్కాయ పీకేసిన ఎర్రచేలు, గట్ల మీద కుప్పలు. అనంతపురం జిల్లాలో సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోతాయి, ఈశాన్య మేఘాలు తూర్పు తీరం దాటి ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతాయి. రెండు రుతుపవనాలు ఉన్నా లేనట్టే.

కణేకల్లు దగ్గర మాత్రం కళ్లు నమ్మలేకపోయాం. తుంగభద్ర ఎగువ కాలువ కింద పచ్చటి వరి. కొంచెం దూరం పోయి బొమ్మనహాళ్ వైపు తిరిగితే ఆ వరికి అవతల, ఆకాశం అంచున, పసుపచ్చగా ఒక గీత. దగ్గరికి పోయేకొద్దీ అది దిబ్బలైంది. ఇసుక. సముద్రం లేదు, రాజస్థాన్ కాదు.

వేదవతి నదిని ఇక్కడ హగరి అంటారు. ఎక్కువ కాలం ఎండిపోయి ఇసుకే ఉంటుంది. జూన్ నుంచి పడమటి గాలి లేచి ఆ ఇసుకను ఎత్తుకొచ్చి ఒడ్డు మీది చేలల్లో పోస్తుంది. గోవిందవాడ, దర్గా హొన్నూరు లాంటి ఊళ్లు ఎన్నో ఏళ్లుగా ఇదే బాధ పడుతున్నాయి.

దిబ్బల వైపు దారి ఉందని మ్యాప్ చెబుతోంది. ఈసారి మా అల్లుడు ఫోన్ జేబులో పెట్టి, దిగి, చెనిక్కాయ కట్టె మోస్తున్న ఒక రైతును అడిగాడు. "బండి ఈన్నే పెట్టండప్పా. ఇసుకలో దిగితే నేనే తోయాల మళ్లా" అన్నాడు ఆయన. మాతో పాటే నడిచాడు. "మీరు ఆషాఢంలో రావాల. గాలి లేసిందంటే కండ్లు తెరవనీదు. పొద్దున గట్టు కనపడేది, మాపటికి గట్టు మీద ఇసుకే. అన్నంలో ఇసుక, పక్క మీద ఇసుక. ప్రతి ఏడూ ట్రాక్టర్ పెట్టి చేనులో ఇసుక తోడాల. తోడినాకే ఇత్తనం." దిబ్బను ఆపడానికి అంచున కంప, గడ్డి దుబ్బులు పెంచామని చూపించాడు. కొన్ని బతికాయి, కొన్ని మెడ దాకా మునిగాయి.

"ఇంత ఇసుక ఉంది, అమ్ముకోలేరా?" అన్నాను.

బావ గుప్పెడు తీసి చూసి, వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు. "పనికిరాదు. మరీ సన్నం. గాలి జల్లెడ పట్టిన ఇసుక ఇది, కాంక్రీటులో నిలబడదు."

పొద్దు వాలుతోంది. వంపుగా పడే ఎండలో దిబ్బ మొత్తం గీతలు తేలాయి. వేలి మందాన గట్లు, వాటి మధ్య నీడలు. ఒక నల్ల పురుగు గట్టు ఎక్కి దిగుతూ రెండు వరసల చుక్కలు కుట్టుకుంటూ పోతోంది, వెనక సన్న గాలికి ఆ చుక్కలు పూడిపోతున్నాయి. బావ కూర్చున్నాడు. చెప్పులు తీసి పక్కన పెట్టి, ఆ గట్ల మీద అరచెయ్యి ఆనించాడు.

"రేయ్," అన్నాడు కొడుకుతో, "ఇది గండికోట బండే కదా."

"అది నీళ్లు గీసింది నాన్నా. ఇది గాలి."

"ఏదో ఒకటి. ఇది రాయి కావాలంటే ఎంత కాలం పడుతుంది?"

వాడు సమాధానం వెతకడానికి ఫోన్ తీశాడు. అక్కడ సిగ్నల్ లేదు.

రైతు బీడీ వెలిగించుకుని, "రాయి అయ్యేలోపు నా చేను మీంచి పొమ్మను సామీ" అన్నాడు.

ఆరో రోజు: ఇంటికి

రాయదుర్గంలో పడుకుని పొద్దున్నే బయల్దేరాం. ఉరవకొండ, వజ్రకరూరు మీదుగా గుత్తి వైపు. వజ్రకరూరు దగ్గర భూమిలోతుల్లోంచి వజ్రాలను పైకి తెచ్చే కింబర్లైట్ రాయి ఉందని చెప్పగానే బావ బండి స్పీడు తగ్గించాడు. ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాల గుట్ట ఎక్కాం. ఒకచోట వరసలు ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు, ఎద్దులతో చాలు దున్నినట్టు రాశారు. రెండు వేల రెండొందల ఏళ్లకు పైబడిన రాతి మీద ఇంకా మనిషి చెయ్యి తెలుస్తుంది. మా వాడు చాలాసేపు చూశాడు. నాకు ఆకలి వేస్తోంది.

తుగ్గలి దాటాక టీకి ఆగాం. హోటల్ పక్కనే ఎర్రచేను. తొలకరి పడగానే చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వచ్చి ఈ చేలల్లో తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. వాన పైమట్టిని కడిగేస్తే రాయి పైకి తేలి ఎండకు మెరుస్తుంది. పనులు మానుకుని, టిఫిన్ క్యారియర్లు కట్టుకుని వారాల తరబడి ఉండిపోయేవాళ్లున్నారు. దొరికినవాళ్లు కొందరే. దొరకనివాళ్ల లెక్క ఎవరూ వెయ్యరు.

టీ పోసే ఆమెతో బావ మాటలు కలిపాడు. ఏ చేను, ఏ వాన, ఎట్లాంటి రాయి అని ఒక్కొక్కటే అడిగాడు. ఆమె ఓపిగ్గా చెప్పింది. మొదటి వాన చాలదు, రెండో వాన పడాల, తెల్లారుజామున కాదు, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు రావాల. రాయి మీద నీళ్ల బొట్టు వేస్తే పారిపోకుండా నిలబడాల. నేను నవ్వు ఆపుకుంటూ టీ తాగాను.

"ఈ చేలల్లో ఏముంది బావా చూసేదానికి?" అన్నా.

ఆయన నా వైపు చూడకుండా, రెండో వాన పడిన రోజే ఫోన్ చెయ్యమని చెప్పి ఆమెకు తన నంబరు ఇచ్చాడు.